నేరకథలు వినుటకు మనకింత ఆతురత యేల?

పాఠ్యభాగములు: 2 సమూయేలు 11, 12 అధ్యాయములు, ఆదికాండము 4:1–16, లూకా 13:1–5



గత మాసమందు స్త్రీల సమాజపు కూటము ముగిసిన పిమ్మట ఒక సహోదరి గుడి మెట్లయొద్ద నన్ను నిలిపి యొక ప్రశ్న అడిగెను. "అయ్యగారూ, నవ్వకండి. రాత్రి గిన్నెలు తోముకొని, పిల్లల్ని పడుకోబెట్టి, చెవి దగ్గర ఫోను పెట్టుకొని హత్యల కథలు వింటున్నాను. ఎవడు చంపాడు, ఎందుకు చంపాడు, ఎలా దొరికాడు అని. ఒకటి అయ్యేసరికి ఇంకొకటి వస్తుంది. బైబిలు తెరిస్తే కన్ను మూతపడుతుంది, అవి వింటూంటే మాత్రం నిద్ర రాదు. ఇది పాపమంటారా?" అనెను. నేను వెంటనే జవాబియ్యలేక, వచ్చే పత్రికలో పాఠముగా వ్రాసెదనని చెప్పి యింటికి వచ్చితిని. ఆమె దాచకుండ అడిగినది. నేనును దాచకుండ జవాబు చెప్పవలెనన్న నా సంగతి కూడ కొంత చెప్పవలసియున్నది. దానిని పాఠము చివరకు ఉంచుకొందును.

ముందుగా ఆ సహోదరికి కొంత ధైర్యము చెప్పుదును. ఈ ఆతురత ఆమె యొక్కదానిదే కాదు. టీ అంగడి బల్లమీద వార్తాపత్రిక వచ్చి పడగానే మన పెద్దమనుష్యులు మొదట తిప్పునది జిల్లా పేజీయే. హత్య ముందు, ధాన్యపు ధర తరువాత. నేను సెమినరీలో చదువుకొను దినములలో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను పాతపుస్తకముల అంగడిలో కొని, సంఘచరిత్ర పుస్తకము నడుమ పెట్టుకొని చదివితిని. ఆ సంవత్సరము సంఘచరిత్రలో నాకు వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పను.

నేరకథ వినుటయే పాపమైనయెడల మన చేతిలోని బైబిలును కూడ మూయవలసివచ్చును. తెరచి నాలుగవ అధ్యాయమునకు వచ్చుసరికే పొలములో ఒకడు చచ్చి పడియున్నాడు. కయీను ఏల చంపెనో అక్కడ దాచబడలేదు. తమ్ముని కానుక అంగీకరింపబడెను, తనది అంగీకరింపబడలేదు. మొగము చిన్నబోయెను, లోపల కోపము రగిలెను. చేయి లేవకముందే దేవుడు అతనితో మాటలాడి, వాకిట పొంచియున్న మృగమువలె పాపమున్నదని హెచ్చరించెను. అయినను అతడు తమ్ముని పొలమునకు తోడుకొనిపోయి చంపెను.

కాని దేనితో చంపెను? రాయితోనా, కఱ్ఱతోనా, కొడవలితోనా? ఆ మాట బైబిలులో లేదు. చదువరులు ఈ లోటును ఓర్వలేకపోయిరి. జూబిలీల గ్రంథమను పూర్వపు యూదుల పుస్తకము రాతితో చంపెనని చెప్పెను. ఐరోపా చిత్రకారులు కయీను చేతికి దవడ యెముక నిచ్చిరి. బెల్జియము దేశమందలి గెంట్ పట్టణపు దేవాలయములో 1432లో ప్రతిష్ఠింపబడిన వాన్ ఐక్ సోదరుల బలిపీఠపు చిత్రములో నేటికిని ఆ యెముక కనబడును. పరిశుద్ధ గ్రంథము ఊరకున్నచోట మన ఆతురత ఊరకుండలేదు, ఆయుధమును వెదకి తెచ్చెను. అయితే ఆ పదునారు వచనములలో మరియొక మాట మరల మరల వచ్చుచున్నది. సహోదరుడు అను మాట హెబ్రీ మూలములో ఏడుమార్లున్నది. దేవుడు కయీనును దేనితో చంపితివని అడుగలేదు. నీ తమ్ముడెక్కడ అని అడిగెను. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడి. మరల దీని యొద్దకు వచ్చెదము.

ఇక ఈ ఆతురత ఎక్కడనుండి పుట్టును? కొంత భయమునుండి పుట్టునని నాకు తోచుచున్నది. అమెరికా దేశమందలి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో అమాండా వైకరీ, క్రిస్ ఫ్రేలీ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2010లో ఈ విషయమై పరిశోధన ప్రకటించిరి. నిజముగా జరిగిన హత్యల పుస్తకములను పురుషులకంటె స్త్రీలే ఎక్కువగా కోరుచున్నారని వారు కనుగొనిరి. ఆ పుస్తకములలోను, చిక్కినది స్త్రీయైయుండి, హంతకుని చేతినుండి తప్పించుకొన్న ఉపాయము చెప్పబడియున్నయెడల, హంతకుని మనస్సులో ఏమున్నదో వివరింపబడియున్నయెడల, ఆ పుస్తకమునే స్త్రీలు ముందుగా ఎన్నుకొనిరట. రక్తము చూడవలెనన్న కోరిక కాదు, ప్రాణము కాపాడుకొనవలెనన్న తలంపే దీనికి మూలమైయుండవచ్చునని ఆ ఇద్దరును తలంచిరి. ఇది నాకు న్యాయముగా కనబడుచున్నది. చీకటి పడిన తరువాత కాలువగట్టు వెంట ఒంటరిగా ఇల్లు చేరవలసిన స్త్రీ, ఎవని చూపు ఎట్టిదో తెలిసికొనగోరుట తప్పు కాదు. పాములున్న పొలములో పనిచేయువాడు పాముల సంగతి అడుగును గదా. భార్య టీ.వీ.లో నేరవార్తలు చూచుచున్నదని ఎగతాళి చేయు భర్తలు ఈ నాలుగు మాటలు రెండుమార్లు చదువుదురు గాక.

కాని అంతయు భయమే కాదు. హంతకుడు పట్టుబడి, జైలులో తలుపు మూయబడి, మనకు అపాయమేమియు లేనప్పుడు కూడ మనము అడుగుచునేయుందుము. ఏల చేసెను? ఏమి కారణము? ఆఫ్రికా ఉత్తర తీరమున బిషప్పుగా ఉండిన అగస్టీను, క్రీస్తు శకము 400 ప్రాంతమున తన ఒప్పుకోలు గ్రంథములో ఈ సంగతి విచారించెను. హత్య జరిగినదని వినగానే జనులు కారణమడుగుదురు. చంపినవాడు ఆ మనిషి భార్యనో ఆస్తినో ఆశించెననియో, దేనినో పోగొట్టుకొందునని భయపడెననియో, పగ తీర్చుకొనెననియో చెప్పినగాని నమ్మరు. ఊరక చంపెనన్న ఎవరు నమ్ముదురని అతడు వ్రాసెను. అంతవరకు మనమందరము ఎరిగినదే. కాని అగస్టీను తరువాత చేసిన పని చూడుడి. ఆ విచారణను ఇతరుల యింటినుండి లాగి తన యింటికి తెచ్చుకొనెను. పదునారేండ్ల ప్రాయమున తాను స్నేహితులతో కూడ రాత్రివేళ పొరుగువాని చెట్టునుండి బేరిపండ్లు దొంగిలించిన సంగతి ఎత్తెను. ఆకలియా? కాదు, దొంగిలించినవానిని పందులకు వేసిరి. పండ్లు మంచివా? తన యింట అంతకంటె మంచివే యుండెను. అయితే ఏల? పుటలు పుటలుగా త్రవ్వి, తప్పు చేయుటలోని రుచికొరకే చేసితినని, ఒంటరిగా నుండినయెడల చేసియుండనని ఒప్పుకొనెను. కొన్ని పండ్ల దొంగతనమునకు ఇంత విచారణయా అని నేను సెమినరీలో నవ్వితిని. ఇప్పుడు నవ్వను.

ఏలయనగా కారణము దొరికినప్పుడు మన మనస్సులో ఏమి జరుగునో నేను కనిపెట్టితిని. దొరికిన వెంటనే మనస్సు కుదుటపడును. "ఓహో, త్రాగుబోతు." "ఓహో, అప్పులపాలైనవాడు." "ఓహో, తండ్రి లేకుండ పెరిగినవాడు." ఆ ఓహోలో ఏమున్నదో చెవియొగ్గి వినుడి. నేను త్రాగను, నాకు అప్పులు లేవు, నా తండ్రి నన్ను బెత్తముతో పెంచెను. కాబట్టి నేను అట్టి పని చేయను, నా బిడ్డ చేయడు అని మనకు మనమే ధైర్యము చెప్పుకొనుచున్నాము. హంతకునికిని మనకును మధ్య ఒక గోడ కావలెను. ఆ గోడకు ఇటుకలే ఈ కారణములు. దేవాలయములో నిలువబడి, ఆ సుంకరివలె నేను లేనందుకు వందనములని ప్రార్థించిన పరిసయ్యుడు (లూకా 18) కట్టినదియు ఈ గోడయే.

కారణము వెదకుటలో ఏమి మరచిపోవుదుమో చూపుటకు 1959వ సంవత్సరపు సంగతులు రెండు చెప్పెదను. ఒకటి మన దేశమునది, ఒకటి అమెరికాది.

ఆ సంవత్సరము ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండరు కావస్ మాణెక్‌షా నానావతి, తన భార్యతో సంబంధము పెట్టుకొనిన ప్రేమ్ ఆహూజా అనువానిని అతని యింటిలోనే రివాల్వరుతో కాల్చి చంపి, తానే వెళ్లి పోలీసులకు లొంగిపోయెను. చంపినది ఎవరో మొదటి దినముననే తెలిసినది. మిగిలినది ఒక్కటే ప్రశ్న: అప్పటికప్పుడు పుట్టిన ఉద్రేకముతో చేసెనా, ఆలోచించి చేసెనా? ఈ యొక్క ప్రశ్నమీద దేశమంతయు వాదించుకొనెను. బ్లిట్జ్ అను వారపత్రిక నానావతి పక్షము వహించి, వారము వారము ఆ కథను అచ్చువేసెను. ఇరువదియైదు పైసల పత్రిక రెండు రూపాయలకు అమ్ముడుపోయెను. బొంబాయి వీధులలో నానావతి రివాల్వరని పిల్లల ఆటవస్తువులు, ఆహూజా తువాలని తువాళ్లు అమ్మిరి. చనిపోవునప్పుడు ఆ మనిషి స్నానము చేసి తువాలు కట్టుకొనియుండెను, అందుకు. జూరీలోని తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది నిర్దోషియనిరి. హైకోర్టు ఆ తీర్పు త్రోసివేసి యావజ్జీవ శిక్ష విధించెను. సుప్రీము కోర్టు 1961లో దానిని స్థిరపరచెను. 1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టెను. ఆహూజా చేసిన తప్పును నేను సమర్థించుట లేదు. కాని ఒక మనిషి మరణము తువాలుగా మారి వీధిలో బేరమాడబడినది చూచితిరా?

రెండవది. అమెరికా దేశమందు కాన్సాస్ రాష్ట్రములో హోల్కంబ్ అను చిన్న ఊరు కలదు. అక్కడ హెర్బర్టు క్లట్టరు అను గోధుమరైతు ఉండెను. మెథడిస్టు సంఘములో ముఖ్యుడు, పొగత్రాగడు, మద్యము ముట్టడు. ఇంట నగదు ఉంచడని, ప్రతిదానికి చెక్కు వ్రాయునని ఎరిగినవారందరికిని తెలియును. నవంబరు నెలలో ఒక శనివారపు రాత్రి, తెల్లవారిన ఆదివారము, ఇద్దరు మనుష్యులు ఆ యింట ప్రవేశించిరి. అక్కడ పదివేల డాలర్లున్న ఇనుప పెట్టె యున్నదని జైలులో ఒక తోటి ఖైదీ చెప్పిన మాట నమ్మి వచ్చిరి. పెట్టె లేదు. హెర్బర్టును, భార్య బానీని, పదునారేండ్ల కుమార్తె నాన్సీని, పదునైదేండ్ల కుమారుడు కెన్యన్‌ను చంపి, ఏబది డాలర్లకు తక్కువ సొమ్ముతో వెళ్లిపోయిరి. మరునాటి ఉదయము గుడికి కలిసి వెళ్లుటకై వచ్చిన నాన్సీ స్నేహితురాండ్రు మొదట చూచిరి.

ట్రూమన్ కపోటీ అను రచయిత ఈ వార్తను పత్రికలో చదివి ఆ ఊరు వెళ్లెను. దాదాపు ఆరేండ్లు పనిచేసి వ్రాసిన పుస్తకము, 1965 ఏప్రిల్‌లో హంతకులిద్దరిని ఉరితీసిన తరువాత, 1966లో వెలువడెను. నిజమైన నేరములను కథవలె చెప్పు నేటి పుస్తకములకును ఫోనులలోని ధారావాహికలకును ఈ పుస్తకమే త్రోవ చూపెనని చెప్పుదురు. అది గొప్ప పుస్తకమే, నేను చదివితిని. హంతకులలో ఒకడైన పెర్రీ స్మిత్ బాల్యము, త్రాగుడుకు లోబడిన అతని తల్లి, అనాథాశ్రమములో అతడు తిన్న దెబ్బలు చదువుచుండగా నా కన్నులు చెమ్మగిల్లెను. హంతకుడును మనిషియేనని చూపుట మంచిది. కాని పుస్తకము మూసిన తరువాత నన్ను నేను పరీక్షించుకొంటిని. పెర్రీ స్మిత్ సంగతులు పది చెప్పగలిగితిని. బానీ క్లట్టరు సంగతి ఒకటియు రెండును తప్ప చెప్పలేకపోతిని.

వ్యాపారము చేసినది పత్రికలవారును రచయితలును మాత్రమేనని మేము కాపరులము ముక్కుమీద వ్రేలు వేసికొనరాదు. లండను పట్టణమందు న్యూగేటు అను చెరసాల యుండెను. అక్కడి గురువు ఉరిశిక్ష పడిన ఖైదీలను కలిసికొని, వారి ఒప్పుకోలు విని, ప్రార్థించి, ఉరితీసిన వెంటనే వారి జీవితములను, నేరములను, కడపటి మాటలను చిన్న పుస్తకముగా అచ్చువేయించి అమ్ముకొనెడివాడు. 1676 మొదలుకొని దాదాపు నూరేండ్లు ఇది జరిగెను. ఆ గురువులకు దీనివలన మంచి రాబడి వచ్చెను. చదువరులకు బుద్ధివచ్చుటకే అని వారు చెప్పియుందురు. బుద్ధి వచ్చినదో లేదో గాని ప్రతులు అమ్ముడుపోయెను. నేను కూడ ప్రసంగములో నిద్రించువారిని లేపుటకు పత్రికలోని హత్య నొకదానిని ఎత్తిన దినములున్నవి. అందరును లేచిరి.

ఇట్టి కథలు తెచ్చినవారితో ప్రభువు ఎట్లు వ్యవహరించెనో లూకా 13వ అధ్యాయములో చూడుడి. బలులు అర్పించుచుండిన గలిలయులను పిలాతు చంపించెనని, వారి రక్తము బలుల రక్తముతో కలిసెనని కొందరు వచ్చి చెప్పిరి. ఎంత గొప్ప వార్త! ప్రభువు ఎందరు చచ్చిరనిగాని, పిలాతుకు కోపమేలననిగాని అడుగలేదు. వారు మీకంటె ఎక్కువ పాపులనుకొనుచున్నారా అని చెప్పవచ్చినవారి వైపు త్రిప్పెను. గోడ కట్టనియ్యలేదు.

అయితే ఈ విషయమునకు నాకు తెలిసినంతలో అన్నిటికంటె లోతైన పాఠము నాతాను కథ. మనము దానిని దావీదు పాపమునకు పాఠముగా చదువుదుము. ఈసారి దావీదును నేరకథ వినువానిగా చూడుడి.

యుద్ధకాలము. యోవాబు సైన్యముతో రబ్బా పట్టణమును ముట్టడించియుండగా రాజు యెరూషలేములో నిలిచిపోయెను. సాయంకాలము మిద్దెమీదనుండి చూచెను, పిలిపించెను. ఆమె గర్భవతినని కబురు పంపగా, ఆమె భర్త ఊరియాను యుద్ధమునుండి రప్పించి ఇంటికి పొమ్మనెను. తన తోటివారు డేరాలలోనుండగా తాను ఇంట సుఖముగా నుండనని ఊరియా రాజగృహపు వాకిటనే పండుకొనెను. మరునాడు రాజు త్రాగించి మత్తునిచ్చినను వెళ్లలేదు. అప్పుడు దావీదు ఊరియాను చంపించు ఉత్తరమును ఊరియా చేతికే యిచ్చి యోవాబునకు పంపెను. నమ్మకమైనవాడు విప్పి చూడడని రాజునకు తెలియును. గోడయొద్ద యుద్ధములో ఊరియా పడిపోయెను. కత్తి ఈనాడు ఒకని తినును, రేపు మరియొకని తినును, చింతపడవద్దని రాజు యోవాబునకు కబురంపెను. ఆమెను పెండ్లి చేసికొనెను. బిడ్డ పుట్టెను. ఇన్ని నెలలు గడచినను రాజు నోట ఒప్పుకోలు మాట రాలేదు.

అప్పుడు నాతాను వచ్చి ఒక కథ చెప్పెను. ధనవంతునికి మందలున్నవి, బీదవానికి కొనితెచ్చి పెంచుకొన్న ఆడు గొఱ్ఱెపిల్ల ఒక్కటే. అది అతని పిల్లలతో పెరిగెను, అతని ముద్ద తినెను, అతని గిన్నెలో త్రాగెను, ఒడిలో పండుకొనెను. ధనవంతుని యింటికి చుట్టము రాగా తన మందను ముట్టుటకు మనస్సు రాక, ఆ గొఱ్ఱెపిల్లను పట్టి వండించెను. రాజు ఎట్లు వినెనో ఆలోచించుడి. నిలువునా మండిపోయెను. అట్టివాడు చావవలెననెను, ఒకటికి నాలుగింతలు చెల్లింపవలెననెను.

నాలుగింతలనుట ధర్మశాస్త్రములో నున్నదే. నిర్గమకాండము 22వ అధ్యాయము మొదటి వచనము చూడుడి. కాని గొఱ్ఱె దొంగకు మరణశిక్ష ఎక్కడ నున్నది? మోషే ధర్మశాస్త్రములో లేదు. అది దావీదు తన ప్రక్కనుండి చేర్చినది. తన చేతిలో ఊరియా రక్తమున్నవాడు గొఱ్ఱెపిల్లకొరకు చట్టముకంటె కఠినమైన తీర్పు చెప్పెను. టీ అంగడిలో మనము చెప్పు తీర్పులు కూడ చట్టముకంటె కఠినముగానే యుండును. "వాణ్ణి నడివీధిలో ఉరితీయాలి" అందుము. ఎవరి గొంతు ఎక్కువగా లేచునో ఆ మనిషి యింట ఏమి జరుగుచున్నదో కొన్నిసార్లు కాపరికి తెలిసియుండును. నాతాను అప్పుడు ఆ ధనవంతుడు నా యెదుటనే కూర్చున్నాడని రాజునకు వ్రేలు చూపెను. ప్రవక్త రాజు చెవిలోని ఆతురతను కసరుకొనలేదు, దానినే తలుపుగా చేసికొని లోపలికి వెళ్లెను. అందుచేత సహోదరీ, నీ ఆతురతను చంపుకొమ్మని నేను చెప్పను. అది ఏ తలుపునకు తీసికొనిపోవుచున్నదో చూచుకొమ్మందును.

ఇప్పుడు నా సంగతి. తొమ్మిదేండ్ల క్రిందట మా సంఘమునకు చెందిన పల్లెలో ఒక హత్య జరిగెను. దాయాదుల మధ్య పొలము గట్టు తగవు. గట్టు వెడల్పు మూడు మూరలు. చంపినవాడును చనిపోయినవాడును ఇద్దరును నేను ప్రభుభోజనము అందించినవారే. దేనితో చంపెనో ఇక్కడ వ్రాయను. చంపినవాడు ఆ సాయంకాలమే పోలీసు స్టేషనుకు వెళ్లి కూర్చుండెను.

మూడవ దినమున ఒక పెద్దతో కూడ చంపినవాని తల్లి యింటికి ప్రార్థనకు వెళ్లితిని. దారిలో ఆ పెద్ద తాను వినినదంతయు చెప్పెను. నేను వద్దనలేదు, అక్కడక్కడ ప్రశ్న కూడ వేసితిని. ఇంట ఆ తల్లి పొయ్యి ప్రక్కన కూర్చుండియుండెను. పొయ్యి వెలిగించలేదు. కీర్తన చదివి ప్రార్థన చేసితిని. లేవబోవుచు, "అమ్మా, ఆ వేళ వాడు ఇల్లు వదిలేటప్పుడు ఏమైనా అన్నాడా? మనసులో ఏముందో ఏమైనా తెలిసిందా?" అని అడిగితిని. ఆమె తల యెత్తి నన్ను చూచెను. "అయ్యగారూ, మీరు కూడా అదే అడగడానికి వచ్చారా?" అనెను.

ఆ మాటకు నాకు సిగ్గు కలిగినది గాని బుద్ధి వెంటనే రాలేదు. ఆ నెలలో మరి నాలుగుమార్లు ఆ యింటికి వెళ్లితిని. ఆదరించుటకే అనుకొంటిని. ఊరివారందరును అక్కడికే వచ్చిరి. కథ అక్కడనే యున్నది గదా. గట్టు చూచుటకు ప్రక్క ఊళ్లనుండి మోటారు సైకిళ్లమీద కుర్రవాండ్రు వచ్చి ఫోటోలు తీసికొనిరి. నెల చివర దర్శనముల పుస్తకము వ్రాసికొనుచుండగా కంటికి కనబడినది: చంపినవాని యింట అయిదు దర్శనములు, చనిపోయినవాని యింట ఒకటి, అది సమాధి దినముది. ఆ రెండిండ్ల మధ్య దూరము మూడు వీధులు.

ఆ సాయంకాలమే వెళ్లితిని. పరచిన చాపమీద ఎవరును లేరు. ఆ విధవరాలు బియ్యము ఏరుకొనుచుండెను. ఎట్లు జరిగెనని నేనడుగుదునని తలంచి, చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలు తానే మొదలుపెట్టెను. నేను చేయి యెత్తి, "అది వద్దమ్మా. ఆయన సంగతి చెప్పు, ఎలాంటివాడో" అంటిని. కొంతసేపు ఊరకుండి, తరువాత చెప్పసాగెను. క్రిస్మసు నక్షత్రము ప్రతి యేడు తాటిచెట్టెక్కి కట్టినది అతడే. అది నాకు తెలియును. ఎద్దును కొట్టలేక అరువు మనిషిచేత దున్నించెడివాడు. అది నాకు తెలియదు. అతనికి చదువు రాదు. ఆరాధనలో పాటల పుస్తకము తెరచి పట్టుకొని పాడునప్పుడు కొన్నిమార్లు అది తలక్రిందులుగా నుండెడిదట; పాటలన్నియు రాత్రులు భార్య చదువగా విని కంఠస్థము చేసినవాడు. ఆరేండ్లు అతనికి కాపరినైయుండి, మూడవ వరుసలో ఎదుట నిలిచి పాడువానిని చూచుచుండి, నేనది గ్రహింపలేదు. అతడు ఏ నిమిషమున ఎక్కడ పడెనో, ఎటు తిరిగి పడెనో మాత్రము పల్లెలో పిల్లలకు కూడ తెలియును. దీపము పెట్టు వేళ దాటి చాలసేపు ఆమె మాటలాడెను. అన్నము తిని వెళ్లుమనెను. తింటిని.

ఇంటికి వచ్చి 2 సమూయేలు మరల తెరచితిని. అంతకుముందు అనేకమార్లు చదివినను కన్ను నిలువని చోట ఆ రాత్రి నిలిచెను. 23వ అధ్యాయములో దావీదు పరాక్రమశాలుల పేర్ల పట్టిక యున్నది, మొత్తము ముప్పది యేడుగురు. అందులో కడపటి పేరు హిత్తీయుడైన ఊరియా. రాజు ఆ పేరును చెరిపివేయుటకు ఉత్తరము వ్రాసెను. గ్రంథము దానిని రాజు కీర్తి పట్టికలోనే చివర నిలిపెను. రాజుల మొదటి గ్రంథము 15:5లో దావీదును మెచ్చుకొనుచు, ఊరియా సంగతి ఒకటి తప్ప అని వ్రాయుచున్నది. ఇక మత్తయి సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు వంశావళి చూడుడి. సొలొమోను తల్లి పేరు అక్కడ చెప్పబడలేదు, ఊరియా భార్యగా నుండినది అని యున్నది. వెయ్యేండ్లు గడచి, క్రీస్తు జన్మమును చెప్పవలసిన మొదటి పుటలో కూడ, గోడయొద్ద చంపబడిన ఆ సైనికుని పేరు విడిచిపెట్టబడలేదు.

లోకములో కూడ కొందరు ఈ పని మొదలుపెట్టిరి. 1888లో లండనులో స్త్రీలను చంపిన, నేటికిని పట్టుబడని హంతకునిగూర్చి నూరేండ్లకు పైగా లెక్కలేనన్ని పుస్తకములు వచ్చెను. 2019లో హాలీ రూబెన్‌హోల్డ్ అను చరిత్రకారిణి, హంతకుని విడిచి, చంపబడిన అయిదుగురు స్త్రీల జీవితములనే ఒక పుస్తకముగా వ్రాసెను. వారు ఎక్కడ పుట్టిరి, ఏ పని చేసిరి, ఎందరు బిడ్డలను కనిరి అని వెదకెను.

మెట్లయొద్ద అడిగిన సహోదరికి నేను చెప్పగలిగినది ఇంతే. రాత్రి ఒక కథ ముగిసినప్పుడు, తరువాతిది మొదలుకాకముందు ఫోను ప్రక్కన పెట్టి, చనిపోయిన మనిషి పేరేమని నిన్ను నీవు అడుగుము. ఇంట ఎవరు మిగిలిరని అడుగుము. చంపినవాని తల్లి ఎక్కడ నీళ్లు తెచ్చుకొనుచున్నదో, బావియొద్ద ఆమెతో ఎవరు మాటలాడుచున్నారో తలంచుము. జవాబులు రానియెడల, ఆ కథ నీకు సగమే చెప్పబడినది.

ఇంటి కూటములకు: ఈ నెల రెండు వారములు 2 సమూయేలు 11, 12 అధ్యాయములు బిగ్గరగా చదివించుడి, చదువు రానివారు వినుచు, ఊరియా పేరు ఎన్నిమార్లు వచ్చెనో వ్రేళ్లమీద లెక్కింతురు గాక. మూడవ వారము, మీ పల్లెలో ఇట్లు చనిపోయినవారెవరైన నుండినయెడల, వారి యింట కూటము పెట్టుడి. ఎట్లు చనిపోయిరని ఎవరును అడుగకూడదని పెద్దలు ముందే చెప్పవలెను. ఇంటివారు చెప్పదలచినది చెప్పుదురు.

వచ్చే నెల పాఠము: తెకోవ ఊరి స్త్రీ, ఆమె ఇద్దరు కుమారులు (2 సమూయేలు 14:1–20).